ఓటు మాది, ఒట్టు ఎవరిది?

"నా ఒక్క ఓటు పడకుంటే ఏం మునుగుతది?" ఇది యూనివర్సిటీ హాస్టళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో వినిపించే మాట. "మావోళ్ల ఓట్లన్నీ గా గుర్తుకే. పెద్దమనుషులు కూసొని తీర్మానం జేసిండ్రు." ఇది గుడి ముందట, మసీదు ముందట, చర్చి ముందట వినిపించే మాట. మొదటిది చదువుకున్నవాడి తెలివి అని, రెండోది అమాయకుడి భక్తి అని లోకం అనుకుంటున్నది. మేం అట్లా అనుకోవడం లేదు. రెండూ ఒకే మాట. ఒంటిగా నిలబడ్డ మనిషి ఓటుకు విలువ లేదన్న మాట. మొదటివాడు తన ఓటును ఇంట్లనే పారేస్తున్నాడు. రెండోవాడు దాన్ని తీసుకపోయి ఇంకొకరి గంపలో పోస్తున్నాడు. స్వయంపాలన అని, ఆత్మగౌరవం అని అరవై ఏండ్లు కొట్లాడిన నేల మీద ఈ రెండు మాటలు ఇంత బాజాప్తా తిరుగుతుంటే మేం ఊరుకోలేం.

ముందు చదువుకున్నవాడి సంగతి చూద్దాం. ఇతనికి బుద్ధి చెప్పాలని మైకు పట్టుకున్న ప్రతి వక్తా కొన్ని కథలు చెప్తాడు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది. అనుకూలం 269, వ్యతిరేకం 270. అప్పటికి రెండు నెలల ముందే ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవికి రాజీనామా చేయకుండా వచ్చి ఓటు వేశారు. వేయొచ్చా వద్దా అని సభలో గొడవైతే స్పీకర్ బాలయోగి దాన్ని ఆయన విజ్ఞతకే వదిలేశారు. అదే రోజు నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ పార్టీ విప్‌ను కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. పార్టీ ఆయనను బయటికి పంపింది. ఇంకా చెప్తారు. 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్లిలో ఎ.ఆర్. కృష్ణమూర్తి ఒక్క ఓటుతో ఓడిపోయారు. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సి.పి. జోషికి 62,215 ఓట్లు వస్తే ప్రత్యర్థికి 62,216 వచ్చాయి. అప్పుడు జోషి ఆ రాష్ట్రంలో కాంగ్రెస్ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి పదవికి వినిపించిన పేరు.

మన దగ్గరా ఉన్నాయి. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటు తొమ్మిది ఓట్లతో తేలింది. 2018లో ఆసిఫాబాద్ 171 ఓట్లు, ఇబ్రహీంపట్నం 376. 2023లో చేవెళ్ల 268. సర్పంచ్ ఎన్నికల సంగతి అడగనే వద్దు. రెండు ఓట్లకు, మూడు ఓట్లకు తేలిన ఊళ్లు, సరిసమానమై చీటీ తీసిన ఊళ్లు ప్రతిసారీ కనిపిస్తాయి.

ఇవన్నీ నిజాలే. అయినా లెక్కల విద్యార్థి నవ్వుతాడు. రెండు లక్షల పైచిలుకు ఓటర్లున్న నియోజకవర్గంలో సరిగ్గా తన ఓటు మీదనే ఫలితం తేలడం లాటరీ తగిలినట్టని అంటాడు. నవ్వనీయండి. అతని లెక్కను మేం కాదనం. ఒక్క ఓటుతో గెలిచిన కథలు చెప్పి పిల్లలను పోలింగ్ బూతుకు తోలాలనుకోవడం, లాటరీ టికెట్ అమ్మేవాడి పద్ధతి. మేం చెప్పేది వేరు. 2010 జూలైలో సిద్దిపేట ఉప ఎన్నిక జరిగింది. టీఆర్ఎస్ అభ్యర్థి హరీశ్ రావు మెజారిటీ 95 వేలు దాటింది. అంటే గెలవడానికి ఏ మాత్రం అక్కరలేని ఓట్లు 95 వేలు! ఆ ఓట్లు వేసినవాళ్లలో ఏ ఒక్కరు ఇంట్లో పడుకున్నా ఫలితం మారేది కాదు. మరి ఢిల్లీ దేన్ని చూసి వణికింది? గెలుపును చూసి కాదు, గెలుపు వాళ్లకు ముందే తెలుసు. ఆ అక్కరలేని ఓట్లను చూసే వణికింది. 

ఆ ఎన్నిక ఎందుకొచ్చిందో ఇప్పటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ప్రక్రియ మొదలుపెడుతున్నామన్నారు. 23 నాటికి మాట మార్చారు. తర్వాత శ్రీకృష్ణ కమిటీ అన్నారు. దాని విధివిధానాలు చూసి 2010 ఫిబ్రవరిలో ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. పన్నెండు సీట్లకు ఉప ఎన్నిక జరిగితే పదకొండు టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. చాలాచోట్ల తెలుగుదేశానికి డిపాజిట్ కూడా దక్కలేదు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఆరో వంతు కూడా రాకుండా చేయాలంటే గెలిచేందుకు కావలసిన దానికన్నా ఎన్నో ఎక్కువ ఓట్లు పడాలి. ఆ ఎక్కువ ఓట్లు ఎవరివి? "నా ఒక్కడి ఓటుతో ఏమైతది" అని అడగకుండా ఎండలో, వానలో నిలబడ్డవాళ్లవి.

అసలు ఓటే దక్కనివాళ్ల గోస ఎట్లుంటుందో తెలంగాణ కన్నా బాగా ఎవరికి తెలుసు? 1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో వచ్చే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమన్నది. అంటే మన ఊళ్లలో మనుషులు ఆ ప్రశ్న మీద ఓటు వేసే రోజు ఒకటి రావాలన్నది. ఆ రోజు రానీయలేదు. 1956 నవంబర్ 1నే కలిపేశారు. రావలసిన ఒక ఓటును మింగేసినందుకు 1969లో పిల్లలు తుపాకులకు ఎదురుపోయారు. 369 మంది అని ఉద్యమం లెక్క. ఆ ఓటు ఎంతటిదో ఆ లెక్కలో ఉంది.

"వేసినం గదా, అమ్ముకున్నరు గదా" అని ఉద్యోగ మిత్రులు అంటారు. నిజమే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చాం. ఆ ఏడాది తిరగకముందే దాన్ని తీసుకపోయి కాంగ్రెస్‌లో కలిపారు. 1997లో కాకినాడలో బీజేపీ 'ఒక ఓటు, రెండు రాష్ట్రాలు' అన్నది. ఓటు పుచ్చుకున్నది. 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ మూడు రాష్ట్రాలిచ్చింది. చంద్రబాబు మద్దతు మీద నిలబడ్డ సర్కారు కాబట్టి మన ముచ్చట ఎత్తనే లేదు. మూడు రాష్ట్రాలు ఇచ్చి ఒక ఓటును ఎగ్గొట్టిన ఘనత అది! అయినా వాళ్లు అమ్ముకున్నది తాము కూర్చున్న కుర్చీలను. 1971లో పడ్డ ఓట్లను ఎవరూ కొనలేకపోయారు. అవి లెక్కల పుస్తకాల్లో అట్లనే ఉన్నాయి. ముప్పై ఏండ్ల తర్వాత మళ్లీ జెండా ఎత్తినప్పుడు 'తెలంగాణ వాదం ఎక్కడుంది' అన్నవాళ్ల మొఖం మీద మనం పెట్టింది ఆ పది సీట్లనే కదా! 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. టీవీలో ప్రసారం కూడా ఆగిపోయింది. అక్కడ తలలు లెక్కపెట్టలేదు. ఎందుకంటే ఆ లెక్క అంతకుముందే మన బూతుల్లో అయిపోయింది.

ఇక రెండోవాడు. వీడితో కొట్లాట కష్టం. ఎందుకంటే వీడు దేవుణ్ని అడ్డం పెట్టుకుంటాడు.

పోలింగ్ ముందు రెండు రాత్రులు ఊళ్లలో ఏం జరుగుతుందో తెలియనివాళ్లు లేరు. ఓటరు లిస్టులో పేజీకి ఒక మనిషిని పెడతారు. కవర్లు వస్తాయి. సీసాలు వస్తాయి. 2021లో హుజూరాబాద్‌లో, 2022లో మునుగోడులో పైసలు మాకు అందలేదని జనం రోడ్ల మీదికి వచ్చిన ముచ్చట పత్రికలన్నీ రాశాయి. దాని మీద రావలసినంత చర్చ వచ్చింది. రాని చర్చ ఇంకొకటుంది. కవరు ఇచ్చి ఊరికే పోరు. దేవుని పటం మీద చెయ్యి పెట్టిస్తారు. పిల్లల తల మీద చెయ్యి పెట్టిస్తారు. ఆ ఇంటి దేవుడు ఎవరైతే ఆ దేవుడు. నర్సన్న అయితే నర్సన్న, ఏసు అయితే ఏసు, ఖురాన్ అయితే ఖురాన్. కొనేవాడికి ఏ మతం మీదా పట్టింపు లేదు, అంతటి లౌకికవాది ఇంకొకడు దొరకడు.

ఆ తర్వాత ఆ ఇంటి ఇల్లాలి పరిస్థితి ఆలోచించండి. ఆమెకు ఆ అభ్యర్థి ఇష్టం లేదు. ఊరికి రోడ్డు వేయలేదని తెలుసు, బెల్టు షాపు పెట్టించింది అతని మనుషులేనని తెలుసు. కానీ చెయ్యి పెట్టింది. మాట తప్పితే పిల్లలకు అరిష్టమని భయం. పోలింగ్ బూతులో ఆమె పక్కన ఎవరూ ఉండరు, అయినా ఆమె ఒంటిగా లేదు. పటం మీద పెట్టించిన ఒట్టు ఆమె వెంట లోపలికి నడిచింది. దీన్ని కొందరు మతాన్ని బట్టి ఓటు వేయడం అంటారు. మేం దీన్ని మతాన్ని తాకట్టు పెట్టించుకోవడం అంటాం. వెట్టి చేయించుకున్న దొరలు మనుషుల ఒంటిని కట్టేసుకున్నారు. వీళ్లు లోపలి మనసును కట్టేస్తున్నారు.

ఆ తల్లికి మేం చట్టం చెప్పే ముందు ధర్మం చెప్తాం. ఎందుకంటే ఆమె భయం ధర్మానికి సంబంధించింది. తప్పు పని చేస్తానని పెట్టిన ఒట్టు నిలబెట్టుకోవాలా? మహాభారతంలో కర్ణపర్వం చూడండి. గాండీవం ఇంకొకరికి ఇవ్వమన్నవాడిని చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. ఆ మాట ధర్మరాజు నోటనే వచ్చింది. అన్నను నరకడానికి తమ్ముడు కత్తి తీశాడు. కృష్ణుడు ఏం చేశాడు? మాట నిలబెట్టుకో అన్నాడా? పరుగున అడ్డం వచ్చి, నిజమే చెప్తానని వ్రతం పట్టి దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు చెప్పి నరకానికి పోయిన కౌశికుడి కథ చెప్పాడు. భీష్ముడు తన ఒట్టును చచ్చేదాకా మోశాడు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన రోజు ఆ ఒట్టు ఎవరికి పనికొచ్చింది? ఇంజీలు చదివేవాళ్లకు హేరోదు ముచ్చట తెలుసు. విందులో అందరి ముందు ఒట్టు వేసినందుకు, మాట పోతుందని, బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడని హేరోదును ఏ పాస్టరూ పొగడడు. ఇస్లాంలో అయితే దారి ఇంకా తేటగా ఉంది. ఒట్టు వేసిన తర్వాత అంతకన్నా మేలైనది కనబడితే ఆ మేలైనదే చేయాలి, తప్పిన ఒట్టుకు కఫ్ఫారా చెల్లించాలి, అంటే పేదలకు అన్నం పెట్టాలి. మూడు దారుల్లోనూ ఒకే మాట. చెడ్డ ఒట్టు దేవుడి దగ్గర చెల్లదు. పాపం ఎవరికైనా తగిలేది ఉంటే, దేవుణ్ని రెండు వేల రూపాయల కవరుకు జామీను పెట్టించినవాడికే తగలాలి.

చట్టం కూడా ఈ సంగతి ఎరుగును. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో ఎన్నికల అక్రమాల పట్టీ ఉంది. అందులో లంచం పక్కనే ఇంకొకటి రాశారు. ఓటరుకు గానీ, ఆ ఓటరుకు కావలసినవాళ్లకు గానీ దేవుడి కోపం తగులుతుందని నమ్మించడం, మతపరంగా వెలి పడుతుందని భయపెట్టడం కూడా అక్రమమే. ఆ పని అభ్యర్థి గానీ, అతని ఒప్పుదలతో అతని మనిషి గానీ చేసినట్టు రుజువైతే ఎన్నికనే రద్దు చేయొచ్చు. చట్టం రాసినవాళ్లు మన ఊళ్లను చూసే రాశారనిపిస్తుంది. అదే సెక్షన్ కింద మతం పేరు చెప్పి ఓటు అడగరాదు. ఎవరి మతం? అభ్యర్థి మతమా, ఓటరు మతమా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ముందుకొచ్చింది. ఓటరు మతం పేరు చెప్పి అడిగినా నేరమేనని 2017 జనవరి 2న నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచి తీర్పు చెప్పారు. ఒక్క జడ్జి అటు మారితే తీర్పే తిరగబడేది. లెక్కల విద్యార్థి ఈ ముచ్చట కూడా రాసుకోవాలి.

ఇంతకూ ఒట్ల ముచ్చటలో మన నాయకులేం తక్కువ తినలేదు. 2022 అక్టోబర్‌లో ఒకాయన తడిబట్టలతో యాదగిరిగుట్ట దగ్గర ప్రమాణం చేశాడు. 2023 ఏప్రిల్‌లో ఇంకొకాయన చార్మినార్ పక్కన భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశాడు. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో పంద్రాగస్టు లోపల రుణమాఫీ అని ఏ జిల్లాకు పోతే ఆ జిల్లా దేవుడి మీద ఒట్లు పడ్డాయి. దేవుళ్లకు కూడా ఎలక్షన్ డ్యూటీ పడుతున్నది, టీఏ డీఏలు లేకుండా.

గంపగుత్త ముచ్చటకు వద్దాం. ప్రతి ఎన్నికకు ముందు ఒక పీఠం పెద్ద, ఒక జమాత్ పెద్ద, ఒక పాస్టర్ల సంఘం పెద్ద అభ్యర్థితో ఫోటో దిగుతారు. "మా సమాజం ఓట్లు ఇన్ని వేలు, అన్నీ మీకే" అంటారు. ఈ వేల లెక్క ఎవరు తీశారు? ఎవరి ఇంటికి పోయి అడిగారు? ఆ హామీకి బదులు కమ్యూనిటీ హాలుకో, ప్రహరీ గోడకో, ఒక చైర్మన్ పదవికో మాట తీసుకుంటారు. బేరం అయినట్టు ఆ వేలమందికి తెల్లారి పేపర్ చూస్తే గానీ తెలియదు. తన బర్రెను అమ్ముతున్నప్పుడు కూడా రైతు సంతకు పోతాడు. మన ఓటు అమ్ముడుపోయిన సంతలో మనం లేనే లేం.

ఈ గంపగుత్త పద్ధతిని ఈ దేశం ఒకప్పుడు చట్టంగానే చూసింది. 1909లో తెల్లదొరలు ముస్లింలకు వేరు ఓటరు జాబితా పెట్టారు. తర్వాత ఇంకా కొన్ని వర్గాలకు పెంచారు. మతానికొక జాబితా, మతానికొక అభ్యర్థి. అది ఎక్కడికి తీసుకపోయిందో 1947లో చూశాం. అందుకే రాజ్యాంగం 325వ అధికరణంలో ఒకే జాబితా అన్నది, మతాన్ని బట్టి ఎవరినీ తీసేయరాదు, వేరుగా చేర్చరాదు అన్నది. చట్టం తీసేసిన ఆ వేరు జాబితాను ఈ పెద్దమనుషులు జేబులో పెట్టుకొని తిరుగుతున్నారు.

మతాన్ని గడప బయట విడిచిపెట్టి ఓటు వేయమని మేం చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట ఊరికి ఎక్కదు. భక్తి ఉన్న మనిషి భక్తి ఉన్న మనిషిగానే బూతులోకి పోతాడు. అబద్ధమాడేవాడికి, తాగబోయించేవాడికి, బీదల భూమి గుంజుకునేవాడికి ఓటు వేయడానికి తన దేవుడు ఒప్పుకోడని ఒక ఆడమనిషి అనుకుంటే, ఆమె ముందు మేం దండం పెడతాం. 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ అదే. కొందరు తమ విశ్వాసం వల్ల అసలు ఓటే వేయరు, అది వాళ్ల ఇష్టం. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వస్తుంటే నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి పంపేస్తే 1986లో సుప్రీంకోర్టు వాళ్లను వెనక్కి తీసుకోమన్నది. ముగ్గురంటే ముగ్గురే. ఎన్ని వేలమంది ఉన్నారని కోర్టు అడగలేదు. అంతరాత్మను ఒక్కొక్కరిగానే లెక్కపెడతారు. దానికి సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి ఉండరు. మతం మనిషికి మంచిచెడ్డలు చెప్పొచ్చు. గుర్తు చెప్పే పని మతానిది కాదు.

మన నేల మీద దీనికి ఎత్తైన ఉదాహరణ షోయబుల్లా ఖాన్. 1948లో రజాకార్లు మతం పేరు మీద ఒకే మాట మాట్లాడమన్నప్పుడు, ఆ మతంలో పుట్టిన మనిషే తన 'ఇమ్రోజ్' పత్రికలో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు. ఆగస్టులో ఆయన చెయ్యి నరికి చంపారు. నమాజు చేసే మనిషి అంతరాత్మ, మతం పేరు చెప్పే గుంపుకు ఎట్లా ఎదురు నిలుస్తుందో ఆయన చూపించాడు. ఆయనను యాది చేసుకుంటూ సభలు పెట్టేవాళ్లు, మరుసటి రోజే 'ముస్లిం ఓట్లు ఎటు, హిందూ ఓట్లు ఎటు' అని లెక్కలేయడం మాకు మింగుడుపడదు.

ఉద్యమంలోనూ ఈ పరీక్ష వచ్చింది. 2010లో నిజామాబాద్ అర్బన్‌లో రాజీనామా చేసి మళ్లీ నిలబడ్డ బీజేపీ అభ్యర్థి యెండల లక్ష్మీనారాయణ, ఎదురుగా పీసీసీ అధ్యక్షుడు డి. శ్రీనివాస్. ముస్లిం ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న సీటు. అక్కడ టీఆర్ఎస్ అభ్యర్థిని పెట్టలేదు, తెలంగాణ కోసం రాజీనామా చేసినవాణ్ని గెలిపించమన్నది ఉద్యమం. గెలిచాడు. రెండేండ్లు తిరగకముందే, 2012 మార్చిలో మహబూబ్‌నగర్. టీఆర్ఎస్ అభ్యర్థి సయ్యద్ ఇబ్రహీం, బీజేపీ అభ్యర్థి యెన్నం శ్రీనివాస్ రెడ్డి. ఇద్దరూ తెలంగాణ కావాలన్నవాళ్లే. ఆ విడతలో టీఆర్ఎస్ ఐదు సీట్లలో పోటీ చేసి నాలుగు గెలిచింది. ఓడిన ఒక్కటి ఇబ్రహీం నిలబడ్డది. తేడా రెండు వేల లోపు.

బీజేపీ అభ్యర్థికి పడ్డ ప్రతి ఓటూ మతం ఓటు అని మేం అనం. ఆయనా ఉద్యమంలో తిరిగిన మనిషే. ఆయనను చూసి వేసినవాళ్లున్నారు, టీఆర్ఎస్ మీద కోపంతో వేసినవాళ్లున్నారు, అది వాళ్ల ఇష్టం. మా కొట్లాట ఒక్క ఆలోచనతోనే. 'ఇబ్రహీం మంచోడే, మనోడే, గానీ...' అని ఆగిపోయి చెయ్యి పక్క బటన్ మీదికి జరిపినవాడి ఆ 'గానీ'తోనే మా కొట్లాట. అట్లనే, 'ఇంకేం చూసేది లేదు, మనోళ్ల పేరున్నది' అని ఒక్క పేరు చూసి నొక్కినవాడితోనూ. ఆ ఇద్దరూ అభ్యర్థిని చూడలేదు. రెండు వేల లోపు తేడా అంటే, వెయ్యిమంది ఆ 'గానీ' అనకుండా ఉంటే ఫలితం వేరుగా ఉండేది. పట్టణంలో నాలుగు గల్లీల జనం. ఒక్క ఓటుకు విలువ లేదన్నవాడు, మా ఓట్లన్నీ గంపగుత్త అన్నవాడు ఇద్దరూ కలిసి ఒక ఎన్నికను ఏం చేస్తారో చూడాలంటే మహబూబ్‌నగర్‌కు మించిన పాఠం మాకు కనిపించలేదు. ఉద్యమ నాయకులు ఆ రోజు దాని మీద గట్టిగా మాట్లాడలేదు. ఐక్యత చెడుతుందన్నారు. మాట్లాడకుంటే చెడకుండా ఉంటుందా?

'ఆత్మప్రబోధం' అన్న మాట మన రాజకీయాల్లోకి 1969లో వచ్చింది. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని కాదని, ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు వేయండని ఇందిరాగాంధీ వర్గం అన్నది. వి.వి. గిరి గెలిచారు. అదే ఏడాది హైదరాబాద్ రోడ్ల మీద మన పిల్లలు రక్తపు మడుగుల్లో ఉన్నారు. వాళ్ల కోసం ఏ అంతరాత్మ మేలుకోలేదు. 2019లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల అంతరాత్మలు ఒకేసారి మేలుకొని టీఆర్ఎస్‌లో విలీనమయ్యాయి. నాయకుల అంతరాత్మ ఎప్పుడూ గుంపులోనే మేలుకుంటుంది. ఓటరుది అట్లా కాదు, ఒక్కడిగా పోయి ఒక్కడిగా తేల్చుకోవాలి. అక్కడ ఆ అట్టపెట్టె అడ్డం పెట్టింది అందుకే. లోపల ఏం చేశావని అడిగే హక్కు కోర్టుకు కూడా లేదు, పటం పట్టుకొచ్చినవాడికి ఎక్కడిది?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. ఎలక్షన్ డ్యూటీ పడితే సొంత ఓటు పోయినట్టే అనుకోవద్దు. ఫారం 12 పెట్టి పోస్టల్ బ్యాలెట్ తీసుకోండి. 2011లో 42 రోజులు జీతాలు వదులుకొని సకల జనుల సమ్మె చేసినవాళ్లు ఒక ఫారం నింపడానికి బద్ధకించడం ఏమిటి? విద్యార్థులు పద్దెనిమిది నిండితే ఇప్పుడు జనవరి ఒకటి దాకా ఆగనక్కరలేదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కకు వస్తాయి. ఫారం 6. హాస్టల్ అడ్రసు మీదనా, ఊరి అడ్రసు మీదనా అన్నది మీరే తేల్చుకోండి, రెండు చోట్ల మాత్రం పెట్టొద్దు. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో హైదరాబాద్ సగం మంది కూడా ఇంట్లోంచి కదలలేదు. ఆ ఎన్నికలో హిందువులు, ముస్లింలు అని గొంతులు చించుకున్నవాళ్లకు ఆ కదలనివాళ్లే పెద్ద బలం. తక్కువమంది వేస్తే గంపకు విలువ పెరుగుతుంది మరి.

ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది. అదీ ఒంటిగా పోయి నొక్కాల్సిందే.

గంపగుత్త పెద్దమనుషులకు మా పత్రిక తరఫున ఒక సవాలు. రేపు ఎన్నిక వచ్చినప్పుడు 'మా సమాజం ఓట్లు ఇన్ని వేలు' అని మీరు ఏ అభ్యర్థికి మాట ఇచ్చినా, ఆ వేలమంది పేర్ల జాబితా మీ సంతకంతో మాకు పంపండి. ఇంటి నంబర్లతో సహా పంపండి. అచ్చు వేయం. ఆ జాబితాలో ఉన్న ప్రతి గడపకు ఒక ప్రతి తీసుకపోయి, ఇది మీరు ఇచ్చిన మాటేనా అని మేమే అడుగుతాం.